ఆట ఎవరి జాగీరు?
సానియా మీర్జా దాటిన గీతలు, మన బిడ్డల చుట్టూ గీసిన గీతలు

"సానియా మీర్జాను చూసి నేర్చుకోండి పిల్లలూ! పట్టుదల ఉంటే చాలు, ఎవరైనా అంత ఎత్తుకు పోవచ్చు!"

ఈ మాట వినిపించని జెండా పండుగ మన దిక్కు లేదు. సూర్యాపేటలో చెప్తారు, కోదాడలో చెప్తారు, మిర్యాలగూడలో చెప్తారు. చెప్పినాయన చప్పట్లు కొట్టించుకుంటాడు, శాలువా కప్పించుకుంటాడు, కారెక్కి పోతాడు. రెండు గంటలు ఎండలో కూచున్న పిల్లలు అదే మట్టిలో మిగిలిపోతారు. ఆ మట్టిలో ఒక గీత గీసి ఉండదు, ఒక వల కట్టి ఉండదు, ఆట నేర్పే సారు ఉండడు.

ఆ మాటను మేము ఒప్పుకోవడం లేదు. సానియా మీద మాకు కోపం లేదు. ఆ బిడ్డ ఆట చూసి మురిసినవాళ్ళలో మేమూ ఉన్నాం. మా కోపం ఆమె పేరు చెప్పి మన పిల్లల చెవిలో పువ్వులు పెట్టేవాళ్ళ మీద. "మీరు ఓడిపోతే తప్పు మీదే, మీకు పట్టుదల లేదు" అని పరోక్షంగా తిట్టేవాళ్ళ మీద. అందుకే ఆమె కథను వాళ్ళు చెప్పినట్టు గాక, జరిగింది జరిగినట్టు ఒకసారి చెప్పుకుందాం.

ఏం సాధించింది?

సానియా 1986లో బొంబాయిలో పుట్టింది, హైదరాబాదులో పెరిగింది. ఆరేండ్ల వయసులో తల్లి ఆమెను నిజాం క్లబ్బుకు తీసుకుపోయింది. ఇంత చిన్న పిల్లకు నేర్పలేనని కోచ్ మొదట వద్దన్నాడు. నెల తిరగకముందే, ఇట్లాంటి ఆట ఈ వయసు పిల్లలో చూడలేదని తల్లిదండ్రులకు తనే చెప్పాడు. తండ్రి ఇమ్రాన్ మీర్జా ఆమె వెంటే తిరిగాడు, ఆయనే గురువయ్యాడు.

2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. 2005 ఫిబ్రవరిలో హైదరాబాదులోనే జరిగిన పోటీలో సింగిల్స్ టైటిల్ కొట్టింది. డబ్ల్యుటిఎ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారత మహిళ ఆమే. అదే ఏడు యుఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా పోయింది. 2007లో సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ స్థానం. ఆ తర్వాత మణికట్టు, మోకాళ్ళు దెబ్బతిన్నాయి. ఆపరేషన్లు అయ్యాయి. 2013లో సింగిల్స్ మానుకుంది. చాలామంది అక్కడితో ఆమె పని అయిపోయిందన్నారు.

అయిపోలేదు. డబుల్స్ మీద పడింది. మహేశ్ భూపతితో 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్, 2012లో ఫ్రెంచ్ ఓపెన్, బ్రూనో సోరెస్‌తో 2014లో యుఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్. మార్టినా హింగిస్‌తో 2015లో వింబుల్డన్, యుఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మహిళల డబుల్స్. మొత్తం ఆరు గ్రాండ్‌స్లాములు, 43 డబుల్స్ టైటిళ్ళు. హింగిస్‌తో కలిసి వరుసగా 41 మ్యాచులు ఓటమి లేకుండా గెలిచింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచంలో ఒకటో స్థానానికి చేరి, 91 వారాలు అక్కడ ఉంది. 2018లో కొడుకు పుట్టాడు. 2020 జనవరిలో మళ్ళీ ఆడొచ్చి, వచ్చీ రాంగనే హోబర్ట్‌లో టైటిల్ గెలిచింది. 2023 ఫిబ్రవరిలో దుబాయిలో ఆఖరి పోటీ ఆడింది. మార్చి 5న హైదరాబాదు ఎల్.బి. స్టేడియంలో సొంత ఊరి జనం ముందు రాకెట్ దించింది.

ఇరవయ్యేండ్ల పని ఇది. ఎవరి దయతోనూ వచ్చింది కాదు. ఈ లెక్కలో పట్టుదల లేదని మేమనం. పట్టుదల ఒక్కటే ఉందంటే మాత్రం ఒప్పుకోం.

ఆరున్నర గుంటల ముచ్చట

కూలికి పోయే మనకు లెక్క తెలుసు గనుక లెక్కతోనే మాట్లాడుకుందాం.

టెన్నిసు కోర్టు గీతల లోపల 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు. ఆడేవాళ్ళు వెనక్కీ పక్కకీ ఉరకాలె గనుక చుట్టూ జాగ వదలాలి. అంతా కలిపి 120 అడుగులకు 60 అడుగులు. అంటే 800 గజాలు. మన కొలతలో ఆరున్నర గుంటల పైచిలుకు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఒక బంతిని కొట్టుకోవడానికి ఆరున్నర గుంటలు! మన వాడలో ఎన్ని కుటుంబాలకు ఆరున్నర గుంటల చెలక ఉంది? అన్నదమ్ములు పంచుకున్నాక ఎవరి వాటాకు ఎంత వచ్చింది? టెన్నిసు మన వాడకు ఎందుకు రాలేదో ఈ లెక్కే చెప్తుంది. ఇంతమందికి భూమి లేకుండా చేసిన వ్యవస్థ ఆటకు మాత్రం జాగ ఇస్తుందా?

కోర్టు దొరికినంత మాత్రాన సరిపోదు. టెన్నిసులో ర్యాంకు కావాలంటే దేశం దేశం తిరిగి పోటీలు ఆడాలి. గడిచిన 52 వారాల్లో ఆడిన పోటీల మీదనే ర్యాంకు లెక్క కడతారు. తిరగడం ఆపితే ర్యాంకు పడిపోతుంది. ర్యాంకు పడితే పెద్ద పోటీలో పేరే ఉండదు. విమానం ఖర్చు, హోటలు ఖర్చు, కోచ్ ఖర్చు ఆడేవాళ్ళే పెట్టుకోవాలి. చిన్న పోటీలు గెలిస్తే వచ్చే డబ్బు దారి ఖర్చుకే చాలదు. అంటే గెలిచే రోజు వచ్చేదాకా, ఏండ్ల తరబడి, ఎవరో ఒకరు ఇంట్లో డబ్బు పెడుతూనే ఉండాలి. బిడ్డ వెంట తిరగడానికి తండ్రికి తీరిక ఉండాలి. మన తండ్రి ఒక్క పూట కైకిలి మానితే ఆ పూట పొయ్యి వెలగదు.

ఆ కాలంలో హైదరాబాదులో పేడతో చేసిన కోర్టుల మీద ఆడానని సానియానే చెప్పింది. మంచి సదుపాయాలు ఆమెకూ లేవు. నిజమే. కానీ ఆ పేడ కోర్టు ఉన్న గేటు లోపలికి పోవడానికి కూడా ఒక చీటీ కావాలి. ఆ చీటీ పేరు క్లబ్బు సభ్యత్వం. రిజర్వేషన్ల వల్ల మెరిట్ చచ్చిపోతుందని గొంతు చించుకునే పెద్దమనుషులు ఈ క్లబ్బుల రిజర్వేషన్ గురించి ఒక్కసారన్నా మాట్లాడారా? తాత సభ్యుడైతే మనవడు ఆడుకుంటాడు. తాత ఆ గడ్డి కోసినవాడైతే మనవడు బంతులు ఏరుకొచ్చి ఇస్తాడు.

గెలిస్తే బిడ్డ, కోపమొస్తే కోడలు

ఇక ఆడపిల్లగా ఆమె పడిన పాట్లు చూడండి.

2005లో ఆమె ఆడే బట్టల మీద ఒక మతపెద్ద అభ్యంతరం చెప్పాడు. పందొమ్మిది నిండని పిల్ల కలకత్తాలో పోలీసు కాపలా మధ్య ఆడవలసి వచ్చింది. ఒకటో నంబరు మీద ఉన్న మనిషిని, 2016లో ఒక పేరున్న టీవీ జర్నలిస్టు, ఎప్పుడు స్థిరపడతావు, పిల్లల్ని ఎప్పుడు కంటావు అని అడిగాడు. ఆమె అక్కడికక్కడే నిలదీస్తే ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు. 2012 లండన్ ఒలింపిక్స్ అప్పుడు మగ ఆటగాళ్ళు ఒకరితో ఒకరు ఆడమని కొట్లాడుకున్నారు. అలిగిన ఒక్కాయనను బుజ్జగించడానికి టెన్నిసు సంఘం ఈమెను ఆయనకు జోడీగా ముందు పెట్టింది. నన్ను ఎరగా వాడుకున్నారని ఆమె బహిరంగంగానే రాసింది.

2010లో ఆమె పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌ను పెళ్ళి చేసుకుంది. 2014 జూలైలో, కొత్తగా ఏర్పడిన తెలంగాణ సర్కారు ఆమెను ప్రచార రాయబారిగా పెట్టి కోటి రూపాయల చెక్కు ఇచ్చింది. వెంటనే బిజెపి శాసనసభ్యుడు కె. లక్ష్మణ్ ఆమెను పాకిస్తాన్ కోడలన్నాడు. మహారాష్ట్రలో పుట్టినామెకు ఈ గౌరవం ఏమిటన్నాడు. తన కుటుంబం వందేండ్లకు పైగా హైదరాబాదులోనే ఉందనీ, తాను చచ్చేదాకా భారతీయురాలిగానే ఉంటాననీ ఆమె చెప్పుకోవలసి వచ్చింది. కప్పు తెచ్చిన నాడు దేశం బిడ్డ. మొగుణ్ణి తనే ఎంచుకున్న నాడు పరాయి కోడలు. మగ ఆటగాడు ఎవరు పరాయి దేశం పిల్లను చేసుకున్నా ఇట్లా దేశభక్తి సర్టిఫికెట్ అడిగినోడు ఉన్నాడా?

ఈ ముచ్చట మిర్యాలగూడవాళ్ళకు ప్రత్యేకంగా విప్పి చెప్పనక్కరలేదు. 2018 సెప్టెంబరు 14న ఆ పట్నంలో, ఆసుపత్రి గేటు ముందర, గర్భవతి అయిన భార్య పక్కన నడుస్తున్న దళిత యువకుడు ప్రణయ్‌ను వెనక నుంచి నరికారు. పై కులం పిల్ల తన ఇష్టంతో అతణ్ణి పెళ్ళి చేసుకోవడమే నేరమైంది. పిల్ల తండ్రి కోటి రూపాయలకు బేరం పెట్టాడని పోలీసులే చెప్పారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. సానియాకు మాటలతో పోయింది, ప్రణయ్‌కు ప్రాణమే పోయింది. రెండూ ఒకటని మేమనం. కానీ ఆడపిల్ల ఎవరిని కట్టుకోవాలో మేమే చెప్తామనే బుద్ధి రెండు చోట్లా ఒకటే. దాన్ని ఒక చోట దేశగౌరవమన్నారు, ఒక చోట కులగౌరవమన్నారు.

మన ఇండ్ల సంగతి కూడా మాట్లాడాలి. పెద్దమనిషైన పిల్లను ఆటలు మాన్పించేది మన వాడలో లేదా? చెడ్డీ వేసుకొని కబడ్డీ ఆడిందని చెల్లెను కొట్టిన అన్న మన సభలో నీలి కండువా కప్పుకొని కూచోడా? ఇంటర్ కాకముందే సంబంధాలు చూసేది మనం కాదా? మనువు ఊర్లోనే ఉన్నాడనుకుంటే పొరపాటు, వాడకూ వస్తాడు.

ఆట కులం చూడదంటారా?

ఆట మైదానంలో కులం లేదు, మతం లేదు అని పాడుతుంటారు. పల్వంకర్ బాలూ పేరు విన్నారా? 1876లో పుట్టిన చమార్ బిడ్డ. పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బులో నెలకు నాలుగు రూపాయల జీతానికి పిచ్ చదును చేసేవాడు, దొరలకు గంటల తరబడి బంతులు వేసేవాడు. ఆ చేతివాటం చూసి, తెల్లవాళ్ళను ఓడించడానికి హిందువుల జట్టు అతణ్ణి తీసుకుంది. మైదానంలో అందరూ ముట్టుకున్న బంతే. టీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకు బయట, మట్టి ముంతలో పోసేవాళ్ళు. మన ఊరి హోటళ్ళలో రెండు గ్లాసులు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. 1911లో ఇంగ్లండు పోయిన భారత జట్టులో బాలూ ఒక్కడే వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా ఆయన్ని కెప్టెన్ చేయలేదు. తమ్ముడు విఠల్ 1923లో గానీ కెప్టెన్ కాలేదు. ఆఖరుకు 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ అదే బాలూను తీసుకొచ్చి బాబాసాహెబ్ మీద పోటీకి నిలబెట్టింది. బాబాసాహెబే గెలిచారు.

అది పాతకాలం అంటారా? 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో మన మహిళల హాకీ జట్టు సెమీఫైనల్ ఓడింది. హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో వందనా కటారియా ఇంటి ముందు పటాకులు కాల్చారు, చిందులేశారు. జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిపోయిందని తిట్టారు. అంతకు కొద్ది రోజుల ముందే ఆ బిడ్డ సౌతాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారత హాకీ క్రీడాకారిణి ఆమె.

పత్తి చేను నుంచి వింబుల్డన్‌కు

అయితే దారే లేదా? ఉంది. అల్తియా గిబ్సన్ అని నల్లజాతి బిడ్డ. తల్లిదండ్రులు అమెరికాలో సౌత్ కరోలినాలో పత్తి చేలో పాలుకు చేసుకున్నవాళ్ళు. బతకలేక న్యూయార్కు హార్లెంకు వలస పోయారు. అక్కడ వాళ్ళుండే వీధిని పగటిపూట బండ్లు రాకుండా మూసి, పిల్లలు ఆడుకోవడానికి విడిచేవాళ్ళు. ఆ వీధిలోనే చెక్క బ్యాటుతో మొదలుపెట్టింది. పిల్ల చేతి వాటం చూసి ఇరుగుపొరుగువాళ్ళు చందాలు వేసుకొని టెన్నిసు నేర్పించారు. 1950 దాకా అమెరికా జాతీయ పోటీల్లోకి నల్లవాళ్ళను రానియ్యలేదు. ఆ ఏడు ఆమె అడుగు పెట్టింది. 1956లో ఫ్రెంచ్, 1957, 1958లో వింబుల్డన్ గెలిచింది. ఆర్థర్ ఆష్ తండ్రి రిచ్మండ్‌లో నల్లవాళ్ళ పార్కుకు కాపలాదారు. ఆ పార్కు కోర్టులో ఆడి పెరిగిన ఆష్ 1975లో వింబుల్డన్ గెలిచాడు. వీనస్, సెరీనా కాంప్టన్‌లో సర్కారు కోర్టుల మీద నేర్చుకున్నారు.

ఇందులో పట్టుదల ఉంది. దాని పక్కనే మూసిన వీధి ఉంది, వాడ చందా ఉంది, అందరికీ తెరిచిన కోర్టు ఉంది. మనకు జెండా పండుగ నాడు ఈ సగం కథ చెప్పరు.

మన దగ్గరా రుజువులున్నాయి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. తిండి, పడక, నేర్పే మనిషి దొరికితే మన పిల్లలు ఎంత దూరం పోతారో దానితో తేలిపోయింది. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి, కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చింది. తెచ్చాక సర్కారు కోటి రూపాయలు, ఉద్యోగం, ఇంటి జాగ ప్రకటించింది. ఇవ్వనీ, ఆ బిడ్డకు ఇంకా ఎక్కువే ఇవ్వనీ. మేము అడిగేది ఒక్కటే: గెలిచాక ఇచ్చే చెక్కు ఉంది, గెలవకముందు ఇచ్చే మైదానం ఏది?

2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలన్నారు. బోర్డులు పాతారు. ఎన్ని చోట్ల బోర్డు వెనక తుమ్మచెట్లే ఉన్నాయో, ఎన్ని ప్రాంగణాలు ఊరికి ఎంత దూరంలో ఉన్నాయో మీ కాళ్ళకు తెలుసు. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలవుతుండగా జనం కూచున్న గ్యాలరీ కుప్పకూలింది. వందమంది దాకా దెబ్బలు తగిలి ఆసుపత్రి పాలయ్యారు. ఆట చూడటానికి అంతమంది జనం వచ్చే పట్నంలో, వాళ్ళు కూచోవడానికి పక్కా మెట్లు లేక కర్రలూ ఇనుపరాడ్లూ కట్టారు. ఆట మీద జనానికి ప్రేమ లేదనేవాళ్ళకు ఆ రాత్రే జవాబు.

సానియా 2013లో హైదరాబాదు శివార్లలో అకాడమీ పెట్టింది. మంచి పని. కానీ ఒక మనిషి పెట్టిన అకాడమీ సర్కారు చేయవలసిన పనికి బదులు కాదు.

"ఇప్పుడు టెన్నిసు ముచ్చటేంది?"

మన కార్యకర్తలే అడుగుతున్నారు: భూమి సంగతి తేలలేదు, కూలి రేటు తేలలేదు, దొరల ఆట మనకెందుకు అని. అన్నలారా, అక్కలారా, 1927లో బాబాసాహెబ్ మహద్ చెరువు దగ్గరికి పోయింది ఆ నీళ్ళు లేక దప్పికతో చస్తామని కాదు. అందరి చెరువు మనదీ అని చాటడానికి పోయాడు. బడి మైదానం కూడా అందరి చెరువు లాంటిదే. అది కూడా భూమే. ఆ భూమిని ఎవరో కబ్జా పెడుతుంటే, కాంప్లెక్సు కడుతుంటే, గోడ జరుపుతుంటే మనం ఇది ఆటల ముచ్చట అని ఊరుకుంటున్నాం. ఇరవై ఏండ్లుగా బడిలో పాఠం చెప్తున్న మేము చూసింది ఇదే: ఆట స్థలం పోయిన బడిలో ముందు ఆడపిల్లలు ఇండ్లకు ముడుచుకుంటారు, తర్వాత మగపిల్లలు రోడ్ల మీద పడతారు. ఒళ్ళు నిటారుగా నిలబెట్టి ఎదుటివాడి కండ్లలోకి చూసే ధైర్యం పుస్తకం ఒక్కటే ఇవ్వదు. తరతరాలుగా చేతులు కట్టుకొని, నడుం వంచి నిలబడ్డ ఒళ్ళు మనది. దానికి ఆట కూడా చదువే.

రేపే ఊరూరా టెన్నిసు కోర్టు కావాలని మేము అనడం లేదు. కబడ్డీ కోర్టుకు గుంటన్నర కూడా పట్టదు. ముందు ఉన్నదాన్ని కాపాడుకుందాం, రావలసింది అడుగుదాం.

ఒకటి: ప్రతి బడికీ ఆట స్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్తున్నది. మీ ఊరి బడి మైదానం రికార్డులో ఎన్ని గుంటలు, నేల మీద ఎన్ని గుంటలు? సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. టేపు పట్టుకొని కొలవండి.

రెండు: వందమంది దాటిన ఆరు నుంచి ఎనిమిది తరగతులకు వ్యాయామం నేర్పే మనిషి ఉండాలని అదే చట్టంలో ఉంది. మీ బడిలో ఉన్నాడా? లేకుంటే ఎందుకు లేడని రాతపూర్వకంగా అడగండి.

మూడు: ఎస్సీల నిధుల కోసం 2013లో సబ్‌ప్లాన్ చట్టం, 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చాయి. ఆ పైసల్లో హాస్టలు పిల్లల ఆటలకు ఎంత ఖర్చయిందో లెక్క చెప్పమనండి.

నాలుగు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో సర్కారు సొమ్ముతో కట్టే ఏ స్టేడియమైనా, ఏ కోర్టయినా ఫీజు లేకుండా హాస్టలు పిల్లలకు రోజూ కొన్ని గంటలు తెరవాలి. ఆడపిల్లలకు విడిగా సమయం, బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి ఉండాలి.

ఐదు: ఇది సర్కారుతో అయ్యేది కాదు, మనతోనే అయ్యేది. మన వాడలో ఏ ఆడపిల్లనూ ఆట మాన్పించమని సంఘంలో తీర్మానం చేద్దాం. హార్లెం వాడ చందా వేసుకున్నట్టు మనమూ వేసుకుందాం. ఒక బంతి, ఒక వల, నాలుగు జతల బూట్లతో మొదలుపెడదాం.

వచ్చే జెండా పండుగకు మళ్ళీ ఒకాయన వస్తాడు. సానియాను చూసి నేర్చుకోండి అంటాడు. అప్పుడు మన పిల్లలు చప్పట్లు కొట్టే ముందు లేచి నిలబడి అడగాలి: "నేర్చుకుంటాం సారూ. ఎక్కడ నేర్చుకోమంటారో ఆ జాగ చూపించండి."

ఆ ఒక్క మాట అడిగేటట్టు వాళ్ళను తయారు చేసే పని మనది. ఈ పక్షంలోనే మీ బడి మైదానం కొలవండి. కొలతలు మాకు రాయండి, ఈ పేజీల్లోనే ఊరి పేరుతో అచ్చు వేస్తాం.

జై భీమ్!